‘పది కేజీల పైపు’ అంటే ఏమిటి?

ఈ శీర్షిక కింద మామూలుగా పుస్తకాల మంచిచెడ్డలు మాట్లాడుకుంటూ ఉంటాం. ఈ నెల నా ముందున్నవి పుస్తకాలు కావు. ఒకటి, నాలుగు మడతల రంగుల కరపత్రం. రెండోది, ఒక పైపు మీద అచ్చువేసిన ఒకే ఒక్క పంక్తి. మూడోది, మీలో చాలామంది ఎనిమిదో తరగతిలో చదివి మరిచిపోయిన ఒక పేరా. కరపత్రం కంటే పేరా, పేరా కంటే పైపు మీది పంక్తి నిజాయితీగా ఉన్నాయని నా అభిప్రాయం. కానీ మూడింటిలోనూ ఒకే లోపం ఉంది. ఆ లోపం వల్ల మనుషులకు దెబ్బలు తగులుతాయి కనుక దాని గురించి కాస్త వివరంగా రాయక తప్పడం లేదు.

కరపత్రం నాకు దొరికింది బిలాస్‌పూర్‌లో. ఛత్తీస్‌గఢ్‌లోని ఈ రైల్వే పట్నంలో బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ తెలుగువాళ్లున్నారు. మా పెదనాన్నగారి అబ్బాయి అక్కడి రైల్వేలోనే పనిచేశాడు. వాళ్లింటి స్నానాలగది కొళాయి మార్పించడానికని ఒక మే నెల మధ్యాహ్నం ఇద్దరం వ్యాపార్ విహార్ వెళ్లాం. అది టోకు దుకాణాల పేట. మేం వెళ్లిన పైపుల దుకాణం ముందు బూడిదరంగు, తెలుపు, మీగడరంగు, నలుపు పైపులు కట్టలు కట్టలుగా ఎండలో పడి ఉన్నాయి. కౌంటరు దగ్గర కుర్రవాడు మా మాటలు విని తెలుగులోకి దిగాడు. వాళ్ల తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చారట.

“అంకుల్, చన్నీళ్లకా, వేణ్ణీళ్లకా, బోరుకా?” అని అడిగాడు.

చూడండి, ఇంతకంటే మంచి ప్రశ్న ఉండదు. ధర చెప్పకముందే, సైజు అడక్కముందే, లోపల పారేది ఏమిటని అడిగాడు. కరపత్రం రాసినవారికి ఈ ప్రశ్న తట్టలేదు. దానిలో ఉన్నవి మూడు మాటలు: ఈ పైపు తుప్పు పట్టదు, ఏ రసాయనానికీ చలించదు, 50 ఏళ్లు మన్నుతుంది.

మేం అక్కడ ఉండగానే టైర్లకు గాలికొట్టే దుకాణం అతను ఒకాయన వచ్చాడు. కంప్రెషర్ నుంచి షెడ్డు ముందు వరకూ గాలి లైను వేసుకోవాలట. ఇనుప పైపు ఖరీదు ఎక్కువ, పైగా తుప్పు. “నా కంప్రెషర్ ఎనిమిది కేజీలు. పది కేజీల పైపు ఇవ్వు, చాలు” అన్నాడు హిందీలో. కుర్రవాడు లేచి బూడిదరంగు యూపీవీసీ పైపు లాగబోయాడు.

పది కంటే ఎనిమిది తక్కువ. లెక్క తప్పలేదు. అయినా ఆ పైపు ఆ పనికి వాడితే ఏదో ఒకనాడు పేలి ముక్కలు ఎగిరే ప్రమాదం ఉంది. ఎందుకో చూద్దాం.

‘పది కేజీలు’ అనేది బజారు మాట. చదరపు సెంటీమీటరుకు 10 కిలోగ్రాముల పీడనం అని దాని అర్థం. మన దేశంలో యూపీవీసీ నీటి పైపులకు ప్రమాణం ఐ.ఎస్. 4985. అందులో పైపులను పీడనాన్ని బట్టి తరగతులుగా విడదీశారు. రెండున్నర కేజీల నుంచి పన్నెండున్నర కేజీల దాకా ఉన్నాయి. అయితే ఆ అంకెలన్నీ 27 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర చెప్పినవి. వేడి పెరిగితే అనుమతించే పీడనాన్ని తగ్గించుకోవాలని అదే ప్రమాణం చెబుతుంది. బిలాస్‌పూర్‌లో మే నెలలో నీడలోనే 43, 44 డిగ్రీలు మామూలు. రేకుల షెడ్డు కప్పు కింద ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి.

అమెరికాలో యూపీవీసీ పైపులకు వాడే పట్టిక ఒకటుంది. 23 డిగ్రీల దగ్గర పైపు బలం 100 అనుకుంటే, 38 డిగ్రీల దగ్గర 62, 43 దగ్గర 51, 60 డిగ్రీల దగ్గర 22. మన 27 డిగ్రీల లెక్కకూ దీనికీ కొద్దిపాటి తేడా ఉన్నా పాఠం ఒకటే. ఎండాకాలంలో ఆ పది కేజీల పైపు అయిదు కేజీల పైపుగా మారిపోతుంది. దాని మీద అచ్చు మాత్రం పదే ఉంటుంది.

ఇలా ఎందుకు జరుగుతుంది? ఇనుములో పరమాణువులు బారులు తీరిన స్ఫటికంగా అమరి ఉంటాయి. మన ఊళ్లో ఎండకు ఇనుప పైపు బలం చెప్పుకోదగ్గంత మారదు. థర్మోప్లాస్టిక్కులో ఉన్నవి పొడవాటి గొలుసుల్లాంటి బృహదణువులు. సేమ్యా ఉప్మా గిన్నెను గుర్తుకు తెచ్చుకోండి. చల్లారాక గరిటె పెడితే ముద్దగా, గట్టిగా వస్తుంది. కాస్త వేడి చేస్తే అవే పోగులు ఒకదాని మీద ఒకటి జారిపోతాయి. పోగులు తెగలేదు, కరగలేదు, పట్టు సడలింది అంతే. గొలుసుల మధ్య రసాయన బంధాలు లేకపోవడమే థర్మోప్లాస్టిక్ లక్షణం. అందుకే దాన్ని వేడిచేసి పైపుగా పోతపోయగలుగుతున్నాం. అందుకే అది వేడికి బలహీనపడుతుంది కూడా. ఈ రెండూ ఒకే గుణం.

ఇక్కడ రసాయనశాస్త్రవేత్తలు చేసిన ఉపాయం ముచ్చటగా ఉంటుంది. వినైల్ క్లోరైడ్ అణుభారం 62.5. అందులో క్లోరిన్ వాటా 35.5. అంటే పీవీసీలో నూటికి 57 పాళ్లు క్లోరినే. లావాటి క్లోరిన్ పరమాణువులు గొలుసుకు పక్కల ముళ్లలా పొడుచుకుని ఉండి, గొలుసులు సులువుగా జారకుండా చూస్తాయి. సుమారు 80 డిగ్రీల దగ్గర ఆ పట్టు వదిలిపోయి పీవీసీ మెత్తబడుతుంది. మరి ఇంకొంచెం క్లోరిన్ ఎక్కిస్తే? అలా తయారైందే సీపీవీసీ. అందులో క్లోరిన్ నూటికి 63 నుంచి 69 పాళ్లు. మెత్తబడే ఉష్ణోగ్రత 110 డిగ్రీలు దాటుతుంది. మా అన్నయ్య ఇంటికి గీజరు దగ్గర వేయించిన మీగడరంగు పైపు ఇదే. కంటికి ఆనేది రంగు తేడా ఒక్కటే. అసలు తేడా గొలుసు మీది పరమాణువుల లెక్కలో ఉంది.

అయితే సీపీవీసీకి మాత్రం వేడి లెక్క తప్పుతుందా? తప్పదు. అమెరికా ప్రమాణం ప్రకారం తయారైన సీపీవీసీ పైపు మీద 82 డిగ్రీల దగ్గర తట్టుకోగల పీడనం అచ్చువేసి ఉంటుంది. అది చదరపు అంగుళానికి 100 పౌన్లు, అంటే 7 కేజీలు. అదే పైపు 23 డిగ్రీల దగ్గర 400 పౌన్లు, అంటే 28 కేజీలు తట్టుకుంటుంది. అరవై డిగ్రీల తేడాకు నాలుగింట మూడు వంతుల బలం పోయిందన్నమాట. నేను చదివిన పైపు సాహిత్యం మొత్తంలో నాకు బాగా నచ్చిన పంక్తి ఇదే. పీడనాన్నీ ఉష్ణోగ్రతనూ విడదీయకుండా ఒక్క ఊపిరిలో చెబుతుంది. తన బలహీనతను తన ఒంటి మీదే రాసుకున్న వస్తువు ఇంకోటి నాకు గుర్తు రావడం లేదు.

ఇక గాలి సంగతి. వేడిని పక్కన పెట్టినా, ఆ టైర్లాయన లెక్కలో రెండో లొసుగు ఉంది. ఐ.ఎస్. 4985 నీటి సరఫరా పైపుల ప్రమాణం. ‘నీటికి’ అనే మాట ఆ ప్రమాణం పేరులోనే ఉంది. పైపు మీద మాత్రం ఉండేది అంకె. ఆ అంకెలో దాగిన మాట కొనేవాడికి ఎవరూ విప్పి చెప్పరు.

నీటికీ గాలికీ అంత తేడా ఏమిటంటారా? 50 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, 50 మీటర్ల పొడవు ఉన్న పైపు తీసుకోండి. అందులో సుమారు 100 లీటర్లు పడుతుంది. దాన్ని 7 కేజీల పీడనంతో నీటితో నింపితే, నీరు దాదాపుగా కుంచించుకోదు కనుక, అందులో దాగే శక్తి పదకొండు జౌళ్లకు మించదు. ఒక కిలో బరువును మీటరు పైచిలుకు ఎత్తడానికి సరిపోయే శక్తి. పైపు పగిలితే నీళ్లు చిమ్ముతాయి, బట్టలు తడుస్తాయి. అదే పైపును అదే పీడనం దగ్గర గాలితో నింపితే దాగే శక్తి లక్ష జౌళ్లకు దగ్గరగా ఉంటుంది. వంద కిలోల మనిషిని వంద మీటర్ల ఎత్తుకు విసరగల శక్తి. ఫిజిక్సు చదివే విద్యార్థులు ఈ రెండు లెక్కలూ స్వయంగా చేసి చూడండి. నీటికి ఘనపరిమాణ స్థితిస్థాపక గుణకం, గాలికి బాయిల్ నియమం చాలు. దానికి తోడు యూపీవీసీ పెళుసు పదార్థం. సాగి చిరగదు, గాజులా పగులుతుంది. ముక్కల అంచులు కత్తుల్లా ఉంటాయి.

1988లోనే అమెరికాలోని కార్మిక భద్రతా సంస్థ నేల పైన వేసే గాలి లైన్లకు పీవీసీ పైపు వాడవద్దని హెచ్చరిక జారీ చేసింది. ఆ మాట వ్యాపార్ విహార్ కౌంటరు దాకా రాలేదు. కుర్రవాడి తప్పేమీ లేదు. అతనికి దొరికిన కాగితం ఆ కరపత్రమే. నేను, మా అన్నయ్య చెరో వైపు నిలబడి వచ్చిన హిందీలో చెప్పాం. టైర్లాయన నమ్మీ నమ్మనట్టు విన్నాడు. గాల్వనైజ్డ్ ఇనుప పైపు ధర అడిగాడు. ఆ రోజుకు ఏమీ కొనకుండా వెళ్లిపోయాడు.

కరపత్రంలోని మూడో మాటకు వద్దాం. 50 ఏళ్ల మన్నిక. ఇది పూర్తిగా అబద్ధం కాదు, అందుకే ఎక్కువ చిక్కు. జర్మనీలో 1930లలో వేసిన పీవీసీ పైపులు దశాబ్దాల తరబడి పనిచేశాయి. కానీ ఇవాళ మనం కొనే పైపును 50 ఏళ్లు పరీక్షించి ఎవరూ అమ్మరు. 50 ఏళ్లంటే 4,38,000 గంటలు. ప్రయోగశాలలో పైపు ముక్కల్లో పీడనంతో నీరు నింపి, వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర ఏది ఎప్పుడు పగులుతుందో చూస్తారు. సాధారణంగా పరీక్ష సాగేది పదివేల గంటల దాకా. అంటే ఏడాది మీద రెండు నెలలు. వచ్చిన బిందువులను గ్రాఫు మీద గుర్తించి, గీతను కుడివైపుకు పొడిగిస్తారు. పీ.ఇ. 100 అనే పాలిథిలీన్ పేరు అలా వచ్చిందే. 20 డిగ్రీల దగ్గర 50 ఏళ్ల పాటు 10 మెగాపాస్కళ్ల ప్రతిబలాన్ని పైపు గోడ ఓర్చుకోవాలని దాని అర్థం. (‘వంద’ అంటే నూటికి నూరుపాళ్లు స్వచ్ఛమైనదని చెప్పే దుకాణదారులనూ చూశాను.)

ఆ గీత తిన్నగా సాగుతుందని నమ్మకం ఏమిటి? 1994 అక్టోబరు 17న అమెరికాలోని అయోవా రాష్ట్రం వాటర్లూ పట్నంలో వంటగ్యాసు సరఫరా చేసే సన్నని పాలిథిలీన్ పైపుకు పగులు వచ్చింది. గ్యాసు లీకై పేలుడు జరిగింది. ఆరుగురు చనిపోయారు, ఏడుగురు గాయపడ్డారు. పైపు సాగి చిరగలేదు, పెళుసుగా సన్నని పగులు తీసింది. రవాణా ప్రమాదాలను విచారించే అక్కడి జాతీయ సంస్థ 1998లో ఒక ప్రత్యేక నివేదిక వెలువరించింది. 1960లనుంచి 80ల మొదటి వరకూ తయారైన చాలా ప్లాస్టిక్ పైపుల దీర్ఘకాలిక బలాన్ని ఆనాటి లెక్క ఎక్కువగా చూపించి ఉండవచ్చునని అందులో తేల్చింది. మొదట్లో తిన్నగా వెళ్లే గీత కొన్నేళ్ల తర్వాత మోకాలిలా కిందికి వంగుతుంది. తొలినాళ్ల పరీక్షలకు ఆ మోకాలు కనబడలేదు. నేటి పాలిథిలీన్లు ఆ పగుళ్లను ఎంతో బాగా తట్టుకుంటాయి, పరీక్షలూ మారాయి. కానీ కరపత్రంలో ‘50 ఏళ్లు’ అని కనబడినప్పుడు, ఎంత వేడి దగ్గర, ఎంత పీడనం దగ్గర అని మీరు అడగాలి. రెండూ చెప్పని 50 ఏళ్లకు శాస్త్రపరంగా అర్థమే లేదు.

‘ఏ రసాయనానికీ చలించదు’ అనే రెండో మాట దగ్గర నేను తల దించుకోవాలి. కొన్నేళ్ల క్రితం పాఠశాల విద్యార్థుల కోసం ఒక చిన్న పుస్తకం అనువదిస్తూ సరిగ్గా ఇలాంటి వాక్యమే తెలుగులో రాశాను. మూలంలో ‘చాలా’ అనే అర్థం వచ్చే మాట ఉంది. వాక్యం సాఫీగా రావాలని దాన్ని తీసేశాను. ఎనిమిదో తరగతి ఎన్.సి.ఇ.ఆర్.టి. సైన్సు పుస్తకంలో కృత్రిమ దారాలు, ప్లాస్టిక్కుల పాఠం ఉండేది. 2022లో పాఠాలు తగ్గించినప్పుడు దాన్ని తొలగించారు. ఆ పాఠం కూడా ప్లాస్టిక్కులను చర్య జరపని పదార్థాలుగానే పరిచయం చేసింది. థర్మోప్లాస్టిక్కుకు ఉదాహరణలుగా పాలిథిన్‌నూ పీవీసీనీ చెప్పి, బొమ్మలు, దువ్వెనల దగ్గర ఆగిపోయింది. దువ్వెన విరిగితే ఎవరికీ ఏమీ కాదు. పైపు అలా కాదు.

నిజానికి ప్లంబరు చేతిలోని చిన్న డబ్బాయే ఆ వాక్యానికి సమాధానం. పీవీసీ అతుకులకు పూసే సాల్వెంట్ సిమెంటులో టెట్రాహైడ్రోఫ్యూరాన్, కీటోన్ల వంటి ద్రావకాలుంటాయి. అవి పీవీసీ ఉపరితలాన్ని కరిగిస్తాయి. రెండు ముక్కల గొలుసులు ఒకదానిలోకి ఒకటి చొరబడతాయి. ద్రావకం ఆరిపోయాక రెండూ ఒకటే ముక్క. ఏ రసాయనానికీ చలించని పదార్థమైతే ఈ అతుకే సాధ్యం కాదు! అదే కీటోన్లు పైపు లోపల పారితే పైపు ఉబ్బి మెత్తబడుతుంది. పాలిథిలీన్‌కు మామూలు జిగుర్లు అంటవు. దాన్ని రెండువందల పైచిలుకు డిగ్రీల వేడి పలక మీద రెండు కొసలూ కరిగించి, నొక్కి కలుపుతారు. అది ఆమ్లాలకూ లవణాలకూ బాగా ఓర్చుకుంటుంది. కానీ పెట్రోలు వంటి హైడ్రోకార్బన్లు దాని గోడలోంచి నెమ్మదిగా దూరి పోగలవు. అన్ని పదార్థాలకూ సరిపడే పైపు ఒక్కటీ లేదు. అందుకే రసాయన కర్మాగారాల్లో ఇంజనీరు పట్టిక ముందు పెట్టుకుని పాలీప్రొపిలీనా, పీ.వీ.డీ.ఎఫ్.ఆ అని చూసుకుంటాడు.

ఈ నిర్లక్ష్యానికి మూల్యం కూడా లెక్కకు అందింది. అమెరికాలో ఇళ్లకు విరివిగా వేసిన పాలీబ్యుటిలీన్ పైపులు, వాటి ప్లాస్టిక్ అతుకులు కొళాయి నీటిలోని క్లోరిన్‌కు పెళుసెక్కి కారడం మొదలుపెట్టాయి. 1995లో కోర్టు ద్వారా కుదిరిన పరిహార ఒప్పందం విలువ 95 కోట్ల డాలర్లు. మంచినీళ్లే ఆ రసాయనం.

ఇదంతా చదివి ప్లాస్టిక్ పైపులు దండగని అనుకోకండి. నీళ్ల కోసం తిరిగి ఇనుప పైపు వేసుకోమని నేను ఎవరికీ చెప్పను. తుప్పు లేదు, లోపలి గోడ నున్నన కనుక పాత పోత ఇనుము పైపు కంటే నీరు సులువుగా పారుతుంది, ఒక మనిషి భుజాన వేసుకుని పోగలడు. మన రాయలసీమ రైతు బోరు నీటిని పొలానికి తెచ్చుకోగలిగాడంటే పీవీసీ చలవే. బాబా అణు పరిశోధన కేంద్రం ఉద్యోగం వదిలి వచ్చిన ఎస్.పి.వై. రెడ్డి 1980లలో నంద్యాలలో పైపుల కర్మాగారం పెట్టడం వెనుక ఉన్నది ఆ అవసరమే.

బిలాస్‌పూర్ చుట్టుపక్కల బొగ్గుగనుల ప్రాంతం. ఇలాంటి చోట్ల గని నీటిని తోడి పారేసే నల్లటి హెచ్.డి.పి.ఇ. పైపులు నేల మీద పాముల్లా వంకరలు తిరిగి కనిపిస్తాయి. నిర్లక్ష్యంగా పడేశారనుకుంటాం. హెచ్.డి.పి.ఇ. మీటరుకు డిగ్రీకి 0.15 నుంచి 0.2 మిల్లీమీటర్లు సాగుతుంది. తెల్లవారుజామున 25 డిగ్రీలున్న నల్ల పైపు మధ్యాహ్నం ఎండలో 60కి చేరితే, వంద మీటర్ల పొడవు మీద అర మీటరుకు పైగా పెరుగుతుంది. అదే ఉక్కు అయితే నాలుగు సెంటీమీటర్లు. రెండు కొసలూ బిగించి తిన్నగా లాగి కట్టిన పైపు రాత్రి చల్లబడేటప్పుడు అతుకులను పీకుతుంది. ఆ వంకరల్లో తెలివి ఉంది. ఆ నలుపులోనూ ఉంది. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు గొలుసులను తెంపకుండా ఐ.ఎస్. 4984 ప్రమాణం నూటికి సుమారు రెండున్నర పాళ్ల మసి కలపమంటుంది. మసి కిరణాలను ఆపుతుంది, వేడిని మాత్రం మింగుతుంది. కాపాడేదీ కాల్చేదీ ఒకటే కావడం డిజైను చేసేవారికి తలనొప్పే.

పైపు మీది పంక్తికి వస్తే నా ఫిర్యాదు చిన్నది. తయారీదారు పేరు, ఐ.ఎస్.ఐ. గుర్తు, వ్యాసం, తరగతి, బ్యాచి నంబరు అన్నీ ఉన్నాయి. ‘27 డిగ్రీల దగ్గర’, ‘నీటికి మాత్రమే’ అనే రెండు ముక్కలు చేరిస్తే అయ్యే సిరా ఖర్చెంత? సీపీవీసీ పైపు చేయగలిగింది యూపీవీసీ పైపు ఎందుకు చేయకూడదు? పీవీసీ పైపుల్లో సీసం సమ్మేళనాలను తొలగించడానికి 2021లో కేంద్ర ప్రభుత్వం నియమాలు తెచ్చింది. అవసరమనుకుంటే నియమాలు మారతాయి.

ఈలోగా మీరు చేయగల పరీక్ష ఒకటి చెబుతాను. ప్లంబరు కోసి పారేసిన పైపు ముక్కలు రెండు మూడు తెచ్చుకోండి. వాటిని కాల్చి చూడవద్దు. పీవీసీ కాలితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు పొగ వస్తుంది. బకెట్ నీళ్లలో వేయండి. తేలిందా, పాలిథిలీన్ లేదా పాలీప్రొపిలీన్. మునిగితే తుడిచి, కాలేజీ త్రాసు మీద గాలిలో ఒకసారి, దారంతో నీటిలో వేలాడదీసి ఒకసారి బరువు తూచండి. గాలిలోని బరువును, నీటిలో తగ్గిన బరువుతో భాగిస్తే సాంద్రత. యూపీవీసీ నీటి పైపుకు ఐ.ఎస్. 4985 చెప్పే హద్దు ఘనపు సెంటీమీటరుకు 1.40 నుంచి 1.46 గ్రాములు. బూడిదరంగు ముక్క 1.6 దగ్గర తూగితే అందులో సుద్ద మోతాదు మించి కలిసిందని అనుమానించవచ్చు. మీగడరంగు ముక్కకు ఈ హద్దు పెట్టకండి. సీపీవీసీలో క్లోరిన్ ఎక్కువ కనుక అది సహజంగానే బరువు. ముక్క అంచుల్లో గాలిబుడగలు అంటుకోకుండా చూసుకోండి, రెండో దశాంశం అక్కడే తప్పుతుంది.